స్కెల్‌బరో టౌన్ పైకెక్కిన ఏడాది

శనివారం పొద్దున పది దాటాక సుబ్బరాజు గారికి ఫోన్ చేసి లాభం లేదని టొరంటో పక్కనున్న హామిల్టన్‌లో తెలుగువాళ్ళందరికీ తెలుసు. వ్రతానికి పిలవాలన్నా, కొత్తగా దిగిన విద్యార్థికి అద్దె గది ఎక్కడ దొరుకుతుందో అడగాలన్నా పన్నెండు దాకా ఆగాల్సిందే. ఆ రెండు గంటలూ ఆయన వంటింటి బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఒక చేత్తో పెన్సిల్ పట్టుకుని ఉంటారు. ఇంగ్లండ్‌లో అప్పుడు మధ్యాహ్నం మూడు. అక్కడ స్కెల్‌బరో అనే చిన్న ఊళ్ళో స్కెల్‌బరో టౌన్ అనే ఫుట్‌బాల్ జట్టు ఆట మొదలుపెడుతుంది. మార్చి నెలలో రెండు మూడు వారాలు మాత్రం ఇక్కడ గడియారాలు ముందు మారి అక్కడివి ఇంకా మారకపోవడంతో ఆట పదకొండుకి వస్తుంది. ఆ వారాల్లో భోజనం ఆలస్యమవుతుందని ఆయన భార్య పద్మిని గారు ముందే ఉప్మా చేసి పెడతారు.

ఆ జట్టు పేరు ఇంగ్లండ్‌లోనే చాలామందికి తెలియదు. ప్రపంచమంతా టీవీల్లో చూసే జట్లు మొదటి డివిజన్‌లో ఉంటే, ఇది పందొమ్మిదేళ్ళుగా నాలుగో దాంట్లో పడి ఉంది. అక్కడి పద్ధతి ఏమిటంటే, ఏడాది చివర ముందున్న కొన్ని జట్లు పై డివిజన్‌కి వెళ్తాయి, వెనకబడ్డవి కిందికి దిగుతాయి. స్కెల్‌బరో పందొమ్మిదేళ్ళలో పైకి వెళ్ళిందీ లేదు, మరీ కిందికి జారిందీ లేదు.

సుబ్బరాజు గారిది ఆకివీడు దగ్గర ఒక పల్లె. బెనారస్‌లో మెటలర్జీ చదివి, ఇరవై నాలుగేళ్ళ వయసులో స్కెల్‌బరో ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వెళ్ళారు. కొలిమిలో కరిగిన ఉక్కు నమూనాలు తీసి, అందులో ఏది ఎంత ఉందో తేల్చి చెప్పడం ఆయన పని. రాన్ అనే తోటి ఉద్యోగి మొదటి శీతకాలంలోనే ఆయన్ని ఫుట్‌బాల్ మైదానానికి లాక్కెళ్ళాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కర్మాగారం మూతపడింది. అక్కడి నుంచి హామిల్టన్ వచ్చి, ఇక్కడి ఉక్కు ప్లాంటు లాబ్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. దేశం మారినా జట్టు మారలేదు. మొదట్లో డౌన్‌టౌన్ లైబ్రరీకి పది రోజులు ఆలస్యంగా వచ్చే ఇంగ్లండ్ పేపరులో ఫలితం వెతుక్కునేవారు. తర్వాత షార్ట్‌వేవ్ రేడియో. ఇప్పుడు క్లబ్ వాళ్ళే ఇంటర్నెట్‌లో కామెంటరీ ఇస్తున్నారు.

"పక్కనే టొరంటోలో పెద్ద జట్టు ఉంది కదండీ, దాన్ని చూడొచ్చుగా" అని అడిగినవాళ్ళకి ఆయన నవ్వి ఊరుకునేవారు. చెప్పడానికి ఆయన దగ్గరా సరైన జవాబు లేదు.

కిందటేడు మే నెలలో ఆ జట్టు పైకెక్కింది. ఆఖరి ఆట లండన్‌లోని పెద్ద స్టేడియంలో జరిగింది. ఇంకో రెండు నిమిషాల్లో ముగుస్తుందనగా జోయెల్ అడోమా అనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు తలతో బంతిని గోల్‌లోకి కొట్టాడు. జోయెల్ తల్లిదండ్రులు ఘానా నుంచి వచ్చినవాళ్ళు. అతను మాత్రం స్కెల్‌బరోలోనే పుట్టి, తొమ్మిదో ఏట నుంచి ఆ క్లబ్‌లోనే ఆట నేర్చుకున్నవాడు. పెరట్లో వంగ మొక్కలు నాటుతున్న పద్మిని గారికి ఇంట్లోంచి ఒక పెద్ద కేక వినిపించింది. మట్టి చేతులతోనే పరిగెత్తుకొచ్చారు.

"ఏమైందండీ? గుండెల్లో నొప్పా?"

సుబ్బరాజు గారు కుర్చీలోంచి లేచి నిలబడి ఉన్నారు. హెడ్‌ఫోన్స్ తీగ లాప్‌టాప్ నుంచి ఊడి వేలాడుతోంది. కామెంటరీ చెప్పే ముసలాయన గొంతు పగిలేలా అరుస్తోంటే వంటిల్లంతా మోగుతోంది.

"ఎక్కేశాం పద్మినీ" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. పెళ్ళయిన నలభై ఎనిమిదేళ్ళలో ఆయన కళ్ళు తుడుచుకోవడం ఆవిడ చూసింది మూడుసార్లే. అవన్నీ చావులప్పుడు.

ఆగస్టులో కొత్త డివిజన్‌లో ఆటలు మొదలయ్యాయి. మొదటి రెండూ గెలిచారు. పట్టికలో మూడో స్థానం. సుబ్బరాజు గారు ఆ పట్టికను కాగితం మీద అచ్చు తీయించి ఫ్రిజ్ తలుపు మీద అంటించారు. వారంలో మూడు రోజులు ఆయన లైమ్ రిడ్జ్ మాల్‌లో నడకకి వెళ్తారు. శీతకాలం మంచు, ఎండాకాలం వేడి, రెండింటి నుంచీ తప్పించుకోవడానికి రిటైరైన వాళ్ళంతా దుకాణాలు తెరవకముందు అక్కడ గుండ్రంగా తిరుగుతుంటారు. యూనివర్సిటీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన యోగానంద్ గారు ఆయనకి నడకలో జోడీ. ఆయన క్రికెట్ తప్ప వేరే ఆట ఎరగరు.

"ఇంకేం, వచ్చే ఏడు రెండో డివిజనా?" అని యోగానంద్ గారు వేళాకోళం చేశారు.

"అంత ఆశ లేదండీ. ఈ ఏడు అక్కడ నిలబడితే చాలు. మా వాళ్ళకంటే పది రెట్లు డబ్బున్న జట్లున్నాయి అక్కడ."

"మా వాళ్ళు అంటున్నారు చూశారా! ఆకివీడెక్కడ, స్కెల్‌బరో ఎక్కడ!"

సెప్టెంబరు మధ్య నుంచి ఓడటం మొదలైంది. ముందు ఒక్క గోల్ తేడాతో, తర్వాత రెండు, తర్వాత నాలుగు. కిందటేడు వాళ్ళు ఆడిన ఆటే ఇప్పుడూ ఆడుతున్నారు, కానీ ఎదుటివాళ్ళు వేగంగా ఉన్నారు, ఒక్క తప్పు చేస్తే చాలు శిక్షిస్తున్నారు. అక్టోబరు చివరికి జట్టు పట్టికలో కింది నుంచి రెండోదైంది. జట్టుని నడిపే మేనేజర్‌ని తీసేశారు. పద్మిని గారు ఫ్రిజ్ మీది కాగితాన్ని ఆయన చూడకుండా తీసేశారు. ఆయన చూశారు.

నవంబరు రెండో శనివారం సొంత మైదానంలో ఆట. అవతలి జట్టు పట్టికలో తమకంటే కింద ఉన్న ఒకే ఒక్కటి. ఇది గెలవకపోతే ఇక ఏదీ గెలవలేరని అందరూ అనుకుంటున్న ఆట. సున్నా సున్నాగా ఉండగా ఆఖరి నిమిషంలో స్కెల్‌బరోకి, గోల్‌కీపర్ ఒక్కడే అడ్డుండగా కొట్టే పెనాల్టీ దొరికింది. తీసుకున్నది జోయెల్. బంతి గోల్ కర్రని తాకి బయటికి పోయింది. ఆ వెంటనే అవతలివాళ్ళు పరిగెత్తుకెళ్ళి గోల్ చేశారు.

సుబ్బరాజు గారు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టారు. కాసేపటికి అలవాటు కొద్దీ అభిమానుల ఫోరం తెరిచారు. అది జట్టును ప్రేమించేవాళ్ళు మాట్లాడుకునే వెబ్‌సైటు. 'హామిల్టన్ రాజు' అనే పేరుతో ఆయన పదిహేడేళ్ళుగా అందులో ఉన్నారు. ఎప్పుడు రాసినా లెక్కలే రాసేవారు. ఫలానా సంవత్సరం ఫలానా ఆటకి ఎంతమంది వచ్చారు, మొదటి గోల్ ఎన్నో నిమిషంలో పడింది, ఇలాంటివి. ఎవరికైనా పాత వివరం కావాలంటే "రాజుని అడగండి" అనేవారు. ఆయన ఎవరో, ఎలా ఉంటారో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఆ రోజు ఫోరంలో రాసినవి ఆయన చదివారు. మొదట పెనాల్టీ గురించి. తర్వాత జోయెల్ గురించి. తర్వాత జోయెల్ ఒంటి రంగు గురించి. ఇరవై ముప్ఫై మంది కంటే ఎక్కువ ఉండరు రాసింది. మిగతావాళ్ళు ఊరుకున్నారు. ఆర్నెల్ల కిందట ఆ కుర్రవాడి బొమ్మ గోడ మీద గీయాలని చందాలు పోగుచేసిన ఫోరమే అది.

"భోజనానికి రండి" అని పద్మిని గారు పిలిచారు.

"ఆకలిగా లేదు."

"ఓడిపోయారా?"

"ఊఁ."

ఓడిన రోజుల్లో కూడా ఆయన అన్నం మానరు. ఆవిడకి అనుమానం వచ్చింది కానీ అడగలేదు. అడిగితే ముడుచుకుపోతారని తెలుసు. ఆదివారమంతా ఆయన ఇంటి ముందు రాలిన ఆకుల్ని, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చారు. సోమవారం పొద్దున కాఫీ కప్పు పక్కన పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. రెండు గంటలు టైపు చేసి, కొట్టేసి, మళ్ళీ టైపు చేశారు. ఇంగ్లీషులో ఆయన రాసింది ఇది:

"నా వయసు డెబ్భై ఐదు. 1974 నుంచి ఈ జట్టు మనిషిని. 1978 జనవరిలో ఒక శనివారం నేను ఒక్కడినే ఆటకి వచ్చాను. నాతో ఎప్పుడూ వచ్చే మిత్రుడికి ఆ రోజు డ్యూటీ పడింది. కాలువ వైపు గోల్ వెనక మెట్ల మీద నిలబడ్డాను. మూడు గోల్స్‌తో ఓడిపోతున్నాం. అవతలి జట్టులో ఒక నల్లజాతి ఆటగాడు మూడోది కొట్టాడు. అతన్ని చూసి మనవాళ్ళు కోతి అరుపులు అరిచారు. అతను దూరంగా ఉన్నాడు, నేను దగ్గరగా ఉన్నాను. ఒకతను నా వైపు తిరిగి, చేతిలో ఉన్న వేడి పానీయం కప్పు నా మొహం మీద విసిరాడు. మెడ కాలింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను మెట్లు దిగి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆ ఊళ్ళో నాలుగేళ్ళున్నాను కానీ మళ్ళీ లోపలికి రాలేదు. మా ఇల్లు కొండ మీద ఉండేది. వెనక గది కిటికీ తెరిస్తే మైదానంలో కేకలు వినిపించేవి. కేకని బట్టి గోల్ ఎవరిదో చెప్పగలిగేవాణ్ణి. అలా నూటికి పైగా గోల్స్ విన్నాను. జోయెల్ మన ఊరివాడు. అతన్ని కిటికీ దగ్గరికి పంపకండి."

పంపించి, లాప్‌టాప్ మూసి, మాల్‌కి వెళ్ళి నడిచారు. ఆ రోజు యోగానంద్ గారు రెండుసార్లు అడిగారు, "ఏంటి రాజుగారూ, మాట్లాడట్లేదు?" అని.

సాయంత్రానికి జవాబులు వచ్చాయి. "ఇన్నేళ్ళూ మాకు తెలియదు రాజ్" అని చాలామంది. "పాత ఏడుపులు ఎందుకు, ఆట గురించి రాయండి" అని ఒకడు. "అప్పట్లో అందరి మీదా అలాగే విసిరేవాళ్ళు" అని ఇంకొకడు. శనివారం తిట్టినవాళ్ళలో కొందరు తాము రాసినవి తీసేశారు, కొందరు తియ్యలేదు. సుబ్బరాజు గారు అన్నీ చదివారు. రాయకుండా ఉండాల్సిందేమో అనిపించింది. ఇన్నేళ్ళు లెక్కల వెనక కుదురుగా దాక్కున్న మనిషి ఒక్కసారిగా వీధిలో నిలబడ్డట్టుంది.

బుధవారం పొద్దున ఇంకో జవాబు ఉంది. పేరు మౌరీన్. ఫోరంలో అంతకుముందు ఎప్పుడూ రాయని మనిషి. మనవరాలి చేత టైపు చేయిస్తున్నానని మొదట్లోనే చెప్పుకుంది. ఆయన ఒకసారి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, "పద్మినీ, ఒకసారి ఇలా రా" అని పిలిచారు.

పద్మిని గారు చేతిలో గరిటెతోనే వచ్చారు.

"ఎవరో ఈవిడ. కాలువ వైపు మెట్ల కింద టీ కొట్టులో పనిచేసేదట. నాకు తువ్వాలు ఇచ్చానంటోంది."

"ఎందుకిచ్చింది?"

ఆయనకి అప్పుడు తట్టింది, భార్యకి ఈ సంగతి ఏమీ తెలియదని. కుర్చీ జరిపి ఆవిణ్ణి కూర్చోమన్నారు. తను రాసింది మొత్తం తెలుగులో చెప్పారు. చెప్తున్నంతసేపూ ఆవిడ చూపు ఆయన కుడి చెవి కింద, చొక్కా కాలర్ పైన ఉన్న పాత మచ్చ మీదే ఉంది.

"ఫర్నేస్ దగ్గర ఆవిరి కొట్టిందన్నారు" అన్నారావిడ.

"అవును. అబద్ధం చెప్పాను."

"ఎందుకూ?"

"నువ్వు ఆ దేశం వచ్చి నాలుగు నెలలే అయింది. బజారుకి ఒక్కదానివే వెళ్ళొచ్చేదానివి. భయపడతావని."

"నలభై ఏడేళ్ళ నుంచీ ఆ మచ్చ చూసినప్పుడల్లా ఆ ప్లాంటు వాళ్ళని తిట్టుకుంటున్నాను నేను. అనవసరంగా!"

ఆవిడ గొంతులో కోపం ఉంది. స్టౌ మీద పప్పు పొంగుతున్న చప్పుడుకి ఆవిడ లేచి కట్టేసి వచ్చారు. వచ్చి, "ఇంకా ఏం రాసింది?" అని అడిగారు.

ఆయన చదివి వినిపించారు. "గోధుమ రంగు కోటు వేసుకున్న భారతీయ యువకుడు మెట్లు దిగి వస్తూ గోడకి చేరగిలబడ్డాడు. నేను కొట్టులోంచి బయటికి వచ్చి, తువ్వాలు చన్నీళ్ళలో ముంచి మెడ మీద పెట్టాను. అయిదు నిమిషాలు పట్టుకున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. వెళ్తూ 'థాంక్యూ మేడమ్' అన్నాడు. తువ్వాలు తనతోనే తీసుకెళ్ళాడు. ఆ తర్వాతి వారాల్లో అతని కోసం చూశాను. రాలేదు. మీరేనా?"

"నీలం చారల తువ్వాలా?" అన్నారు పద్మిని గారు.

సుబ్బరాజు గారు తెర వైపు చూశారు. తువ్వాలు రంగు అందులో లేదు. "నీకెలా తెలుసు?"

"మీ కోటు జేబులో ఉంది. తడిసి ముద్దయిపోయి. ప్లాంటు వాళ్ళదేమో, అడిగితే ఇద్దామని ఉతికి పెట్టాను. మీరు అడగలేదు. మంచి గుడ్డ. ఇక్కడికి కూడా తెచ్చాను. మన సుధ పుట్టినప్పుడు దాని పాలసీసాలు దాంతోనే తుడిచేదాన్ని."

ఆ తువ్వాలు ఆయన కళ్ళముందే ఏళ్ళ తరబడి ఈ దేశపు వంటింట్లో కొక్కేనికి వేలాడింది. దాంతో ఆయనా చేతులు తుడుచుకునే ఉంటారు. ఆ మధ్యాహ్నం గురించి ఆయనకి ప్రతిదీ గుర్తుంది. కప్పు విసిరినవాడి చేతిమీద పచ్చబొట్టు, నవ్విన మొహాల్లో ఒకడికి ముందు పన్ను లేకపోవడం, ఆ మైదానాల్లో వేడిగా అమ్మే గొడ్డుమాంసపు రసం మెడ మీంచి కారిన వాసన. మెడ మీద అయిదు నిమిషాలు పట్టుకున్న ఆ చెయ్యి మాత్రం గుర్తు లేదు. ఎంత వెతికినా గోడ గుర్తొస్తోంది తప్ప మనిషి గుర్తు రావడం లేదు.

ఆయన వృత్తి అంతా ఉన్నది ఉన్నట్టు రాయడమే. నమూనాలో ఏముందో ఒక్కటీ వదలకుండా తేల్చకపోతే రిపోర్టు మీద సంతకం పెట్టేవారు కాదు. అలాంటిది, తన జీవితంలో అన్నిటికంటే ఎక్కువసార్లు తిరగేసి చూసుకున్న రోజుని సగమే చూశానని ఇప్పుడు తేలింది. అవమానం పెద్దది, నిజమే. కానీ నలభై ఏడేళ్ళు ఆ మెట్ల మీద తనొక్కడే ఉన్నాననుకున్నారు. ఇన్నేళ్ళూ ఆ జట్టుని వదల్లేకపోయింది మనసులో ఏ మూలో ఆ చల్లని తువ్వాలు గుర్తుండటం వల్లేనా అని ఆలోచించారు. అవునని చెప్పడం బాగుంటుంది. కానీ అది నిజమో కాదో తెలియదు. తెలియనిది రాయడం ఆయనకి అలవాటు లేదు.

మౌరీన్‌కి రెండే వాక్యాలు రాశారు. "నేనే. మీ తువ్వాలు మా అమ్మాయి పుట్టేదాకా, పుట్టాక కూడా మా ఇంట్లో ఉందని నా భార్య చెప్తోంది." ఆ తర్వాత పద్మిని గారు పక్కన నిలబడి, "ఆవిడకి నా నమస్కారాలు చెప్పండి" అని అది కూడా రాయించారు.

వాళ్ళమ్మాయి సుధామయి, కారులో అయిదు గంటల దూరంలో ఉన్న కనాటా అనే ఊళ్ళో టెలికాం ఇంజనీరు. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. ఆ ఆదివారం తల్లి అంతా చెప్పేసింది. సుధ ఫోన్ తండ్రికి ఇమ్మంది.

"నాన్నా, వై డిడ్‌న్ట్ యూ టెల్ మీ? నేను స్కూల్లో ఏడ్చి వచ్చినప్పుడు, యు జస్ట్ సెడ్, ఇగ్నోర్ దెమ్."

"నాకు తెలిసింది అదే తల్లీ."

"యూ డిడ్‌న్ట్ ఇగ్నోర్ దెమ్ దిస్ టైమ్."

ఆయన "అవును" అన్నారు. అప్పటి నుంచి సుధ శనివారం మధ్యాహ్నం కూడా ఫోన్ చేసి స్కోరు ఎంతని అడగడం మొదలుపెట్టింది.

తర్వాతి సొంత మైదానం ఆటలో కొత్త మేనేజర్ జోయెల్‌ని మొదట ఆడించలేదు. డెబ్భయ్యో నిమిషంలో మైదానంలోకి దించాడు. కాలువ వైపు జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని కామెంటరీ ముసలాయన చెప్పాడు. అది తన ఉత్తరం వల్లనో, లేక తిట్టినవాళ్ళు ఎప్పుడూ కొద్దిమందే కావడం వల్లనో సుబ్బరాజు గారు తేల్చుకోలేదు. ఆట డ్రా అయింది.

డిసెంబరు, జనవరి నెలల్లో జట్టు కొంచెం నిలదొక్కుకుంది. జోయెల్ వరసగా మూడు ఆటల్లో గోల్స్ కొట్టాడు. ఫిబ్రవరిలో మళ్ళీ ఓటములు. మార్చి వచ్చేసరికి లెక్క సులువైపోయింది. ఉండాలంటే మిగిలిన వాటిలో సగం గెలవాలి. వాళ్ళు గెలిచింది రెండు. ఏప్రిల్ చివరి శనివారం పరాయి ఊళ్ళో రెండు గోల్స్‌తో ఓడిపోవడంతో, ఇంకా ఒక ఆట ఉండగానే కిందికి దిగిపోవడం ఖాయమైంది. పందొమ్మిదేళ్ళు ఎదురుచూసి ఎక్కినవాళ్ళు ఒక్క ఏడు ఉండి దిగిపోయారు.

సోమవారం మాల్‌లో బూట్ల దుకాణం ముందు మలుపు తిరుగుతూ యోగానంద్ గారు అడిగారు. ఈసారి వేళాకోళం లేదు.

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మళ్ళీ అక్కడికే వచ్చేట్టయితే ఎక్కి ఏం లాభం?"

సుబ్బరాజు గారు పది అడుగులు వేశాక అన్నారు. "నేనూ అదే ఆలోచిస్తున్నానండీ. కిందటేడు ఎక్కినప్పుడు ఇక అన్నీ బాగుంటాయనుకున్నాను. ఎక్కాకే తెలిసింది, మా వాళ్ళలో ఎవరు ఎలాంటివాళ్ళో. కిందే ఉండి ఉంటే ఎవరూ ఎవర్నీ తిట్టేవారు కాదు. నేనూ నోరు విప్పేవాణ్ణి కాదు."

"అయితే ఓడిపోవడం మంచిదైందా?"

"అలా అనను. ఓడిపోవడం బాధగానే ఉంది."

ఆఖరి ఆట మే మొదటి శనివారం. ఆ రోజు అన్ని ఆటలూ ముందుకి జరిపారు. అక్కడ పన్నెండున్నర, ఇక్కడ ఏడున్నర. గెలిచినా ఓడినా ఏమీ మారదు. సుధ ముందు రోజే కనాటా నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చింది. తెల్లవారి లేచి లాప్‌టాప్‌కి తీగ తగిలించి, ఆట పెద్ద టీవీలో వచ్చేలా చేసింది. పద్మిని గారు ఇడ్లీలు పెట్టి, తనూ ప్లేటు పట్టుకుని సోఫాలో కూర్చున్నారు. ఒక ఆట మొదటి నుంచి చివరి దాకా ఆవిడ చూడటం అదే మొదటిసారి.

"ఇందులో మనవాళ్ళు ఎవరు?"

"నీలం చొక్కాల వాళ్ళు."

"కాలువ వైపంటే ఎటు?"

ఆయన చూపించారు. గోల్ వెనక ఇప్పుడు మెట్లు లేవు, కుర్చీలున్నాయి. కెమెరా అటు తిరిగినప్పుడల్లా ఆయన ముందుకి వంగి చూశారు. నీలం స్కార్ఫ్ కట్టుకున్న ఒక సిక్కు తాత, ఇద్దరు మనవల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుని ఏదో తింటున్నాడు. ఒకచోట ముగ్గురు ఆఫ్రికన్ అమ్మాయిలు డ్రమ్ కొడుతున్నారు. వాళ్ళ వెనకే బట్టతల ముసలివాళ్ళ వరస ఒకటి ఉంది. ఆయన వయసువాళ్ళు. వాళ్ళలో ఆనాడు నవ్వినవాళ్ళు ఉండి ఉండొచ్చు. లేకపోనూ వచ్చు. కెమెరా ఆటలోకి తిరిగిపోయింది.

మూడు ఒకటితో గెలిచారు. జోయెల్ రెండు కొట్టాడు. రెండోది పెనాల్టీ. అతను బంతి పెట్టి వెనక్కి నడుస్తున్నప్పుడు పద్మిని గారు ప్లేటు కింద పెట్టేసి కూతురి మణికట్టు పట్టుకున్నారు. గోల్ పడగానే సుధ అరిచింది, ఆవిడా అరిచారు. సుబ్బరాజు గారు అరవలేదు. జనం కేకని వింటూ ఉండిపోయారు.

ఆట ముగిశాక కిందికి దిగిపోయిన జట్టు కోసం జనం ఇంటికి వెళ్ళకుండా పావుగంట నిలబడి చప్పట్లు కొట్టారు. ఆటగాళ్ళు మైదానం చుట్టూ నడిచారు. సుధ తండ్రి వైపు తిరిగింది.

"నాన్నా, సీరియస్‌గా అడుగుతున్నా. ఆఫ్టర్ వాట్ హాపెన్డ్, ఎందుకు వీళ్ళనే పట్టుకున్నావ్?"

ఆయన టీవీ గొంతు తగ్గించారు. "వాళ్ళు విసిరేశారని నేను వదిలేస్తే, అక్కడ గడిపిన ఎనిమిదేళ్ళూ విసిరినవాడివే అయిపోతాయి కదమ్మా. నాకు ఆ ఊరు ఇష్టం. రాన్ ఇష్టం. కొలిమి మీద ఎర్రగా మారే ఆకాశం ఇష్టం. వాటిని వాడికెందుకు ఇవ్వాలి?" మళ్ళీ తెర వైపు తిరిగి, "ఇది ఇప్పుడు తట్టిన జవాబు. అప్పుడు నాకేమీ తెలియదు" అన్నారు.

జూన్‌లో వచ్చే ఏడాది ఆటల పట్టిక వచ్చింది. మళ్ళీ నాలుగో డివిజన్. అదే చిన్న ఊళ్ళు, అవే జట్లు. జోయెల్‌ని పై డివిజన్ క్లబ్ ఏదో తీసుకుపోతుందని పుకార్లున్నాయి. సుబ్బరాజు గారు పెన్సిల్‌తో ఒక్కో ఆట పక్కన ఇక్కడి టైము రాసుకుంటున్నారు. పద్మిని గారు వెనక నుంచి వంగి చూశారు.

"ఆగస్టు తొమ్మిది ఎక్కడ?"

"సొంత మైదానంలో."

"దానికి టైము రాయనక్కర్లేదు. ఆ రోజు మనం ఇక్కడ ఉండం."

ఆయన తలెత్తి చూశారు.

"సుధా నేనూ మాట్లాడుకున్నాం. మౌరీన్ గారికి ఎనభై రెండట. నడవలేరు కానీ ఆటకి తీసుకెళ్తే వస్తానని మనవరాలి చేత రాయించారు. ఫోరంలో మీ పేరుతో నేనే జవాబిచ్చాను, తిట్టకండి."

"నా పేరుతోనా?"

"మీరు ఫర్నేస్ పేరు చెప్పారుగా."

"అక్కడ చలిగా ఉంటుంది" అన్నారు సుబ్బరాజు గారు.

"ఆగస్టులోనా?"

ఆయన పెన్సిల్ బల్ల మీద పెట్టి, కాసేపు కిటికీలోంచి పెరటి వైపు చూశారు. తర్వాత లేచి, పాస్‌పోర్టు గడువు ఎప్పటి దాకా ఉందో చూడటానికి పడకగదిలోకి వెళ్ళారు.